ఉప్పు విసిరిన చెయ్యి

మొన్న శ్రీశైలం పోతూ దారిలో నేనొక దుప్పి మీదికి రాయి విసిరాను. ఇంట్లో వాళ్ళు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

మన్ననూరు దాటాక ఇంజను వేడెక్కి బస్సు ఆగింది. అందరం దిగి చెట్ల నీడన నిలబడ్డాం. అంతలో పొదల్లోంచి చుక్కల దుప్పి ఒకటి రోడ్డు అంచుదాకా వచ్చి మమ్మల్ని చూస్తూ నిలబడింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఎవరో గుప్పెడు మరమరాలు విసిరారు. అది మెడ చాపి ఇంకాస్త ముందుకు వచ్చింది. మా మనవరాలు చేతిలో బిస్కత్తు పట్టుకుని విసరడానికి చెయ్యి పైకెత్తింది. ఆ ఎత్తిన చెయ్యి చూడగానే నాకేమైందో నాకే తెలియదు. రోడ్డు పక్క కంకర రాయి అందుకుని బలమంతా పెట్టి విసిరాను. "పో! పోవే ఈడికెల్లి!" అని గొంతు చించుకుని అరిచాను.

మనవరాలు బావురుమంది. "ఏంది మామా గిది? నోరులేని జీవం, నిన్నేం జేసింది?" అని మా కోడలు నలుగురిలోనూ నన్ను దులిపేసింది. డ్రైవరు పెద్దాయనకు ఎండ దెబ్బ తగిలినట్టుందని నవ్వాడు. వాళ్ళకు జవాబు చెప్పాలంటే ఆ మనిషి గురించి చెప్పాలి. ఆయన మాట నోటితో ఎత్తితే నేను మధ్యలోనే ఆగిపోతాను. రాయడమైతే కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

నిజాం పాలన చివరి రోజుల్లో నేను అచ్చంపేట పశువుల దవాఖానలో కాంపౌండరును. మాది నకిరేకల్ దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. డాక్టరు హైదరాబాదు నుంచి రావలసినవాడు. ఆయన వచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ. అందుచేత ఆ చుట్టుపక్కల ఎద్దుల గిట్టలకూ బర్రెల పొదుగులకూ నేనే దిక్కు. జనం నన్నే డాక్టర్ సాబ్ అనేవాళ్ళు. నాకూ ఆ పిలుపు బాగానే ఉండేది కనుక కాదనలేదు.

ఒక మధ్యాహ్నం ఖాకీ కోటు వేసుకున్న మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. గుండీలు సగం లేవు. గుడిసె నడిమి నిట్టాడు గుంజకు బట్టలు తొడిగినట్టు నిటారుగా ఉన్నాడు. నేను పక్క గదిలోంచి పలకరిస్తే తల తిప్పలేదు. కాళ్ళతో సహా మనిషి మొత్తం నా వైపు తిరిగాడు.

"డాక్టర్ సాబ్, మా అల్లుండ్లకు గాళ్ళొచ్చినయ్. జర మందియ్యి."

గాళ్ళంటే పశువులకు నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడే అంటురోగం. మనుషులకు వచ్చేది కాదు.

"అన్నా, ఇది పశువుల దవాఖాన. అల్లుండ్లను మనుషుల దవాఖానకు తోల్కపో" అన్నాను.

"ఆల్లు రారు. నోట్లకెల్లి సొంగ గార్తాంది. కుంటుకుంట నడుస్తున్నరు."

"ఎంతమంది నీకు అల్లుండ్లు?"

"మంద" అన్నాడు, ముఖంలో నవ్వు ఆనవాలు లేకుండా.

చుక్కల దుప్పుల సంగతి అని అర్థమయ్యేసరికి నేను కుర్చీలో వెనక్కి పడి నవ్వాను. "నవ్వకు. వస్తరు, కడుపునిండ తింటరు, మాట జెప్పకుంట పోతరు. అల్లుండ్లు గాకుంటే మరేంది?" అని అప్పుడు ఆయనా నవ్వాడు. పళ్ళన్నీ గోధుమరంగు తిరిగి ఉన్నాయి.

అమ్రాబాదు పైన ఉన్న అడవి అప్పట్లో సర్కారు షికారు కోసం కట్టుదిట్టం చేసిన అడవి. నవాబులూ వాళ్ళ అతిథులూ తప్ప ఇంకెవరూ అందులో వేటాడకూడదు. అడవి శాఖను జంగ్లాత్ అనేవాళ్ళం. ఈయన జంగ్లాత్ జవాను. జనం ఆయనకు పెట్టుకున్న పేరు ఉప్పు జవాను. అసలు పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. నేను అన్నా అనేవాణ్ణి.

ఆయన సొంత ఊరు మర్రిగూడ. అక్కడి బావినీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు పళ్ళు రంగు మారడం, నడుములు బిగుసుకుపోవడం మామూలు. ఈయనకు మెడా నడుమూ పాతికేళ్ళకే కట్టెబారాయి. వంగలేడు. కిందపడిన వస్తువును కాలివేళ్ళతో పట్టి పైకెత్తి చేత్తో అందుకునేవాడు. వాళ్ళ తండ్రి కాలంలో ఇంటిల్లిపాదీ క్రైస్తవం పుచ్చుకున్నారు. ప్రార్థనలో తల వంచమని పాదిరి కసురుకుంటే, "దేవునికి నా మెడ సంగతి ఎర్కే అయ్యా, నీకే ఎర్క లేదు" అన్నాడట. షికారుకు వచ్చిన ఒక నవాబుకు వంగి సలాం చెయ్యలేక నిటారుగా నిలబడితే, ఆ నవాబు మెచ్చి భుజం తట్టాడని కూడా చెప్పేవాడు. ఒకసారి చెప్పినప్పుడు భుజం తట్టాడు, ఇంకోసారి చెప్పినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ పోయించాడు. నేను ఆ నవాబునే కలిసి అడిగి ఉంటే రెండూ అబద్ధమనేవాడేమో. ఆయన కోతలు నాకిష్టం. ఎదుటివాడికి నష్టం లేని కోతలు.

మందు పట్టుకుని మరునాడు ఆయన వెంట పైకి వెళ్ళాను. ఆయన కాపురముండే జంగ్లాత్ కాపలా చౌకీ దాటి కాలిబాటన పోగా పోగా ఒక నల్లబండ, దాని ముందు చిన్న బయలు వచ్చాయి. బయలంతా మూతులతో నాకి నాకి గుంటలు పడి ఉంది. దాన్ని ఆయన ఉప్పు జాగా అనేవాడు. బండ పక్కన నిలబడి ఒకసారి గొంతు సవరించుకున్నాడు. భుజాన ఉన్న సంచిలోంచి ఉప్పుగడ్డ తీశాడు. వంగి నేల మీద పెట్టడం ఆయన వల్ల కాదు. అందుకని కుడిచెయ్యి తల వెనక్కి తీసుకుపోయి, నడుము కదపకుండా భుజం ఒక్కటే తిప్పి విసిరాడు. గడ్డ బయలు మధ్యలో టప్పుమని పడింది.

ఆ చప్పుడుకు పొదలు కదిలాయి. ముందు ఒక ఆడ దుప్పి వచ్చింది, వెనక దాని పిల్ల, ఆ వెనక మిగతావి. మేము అంత దగ్గరగా నిలబడి ఉన్నామన్న జంకు లేదు. ఆయన చెయ్యి లేచిన ప్రతిసారీ అన్నీ తలలెత్తి చూశాయి. గడ్డ ఎక్కడ పడితే అక్కడికి నడిచాయి. నేను పుట్టిన దగ్గర్నుంచీ పశువుల మధ్య పెరిగినవాణ్ణి. అయినా ఆ రోజు నాకు ఒళ్ళు పులకరించింది. తాడు లేదు, కంచె లేదు. అడవి తనంతట తాను మనిషి దగ్గరికి రావడం నేను అదే మొదటిసారి చూడటం.

రోగంతో బాగా చిక్కిన దుప్పి ఒకటి బండ నీడన పడుకుని ఉంది. దాని ఎడమ చెవి చివర చీలి ఉంది. ఆయన నిలబడి మాటలు చెబుతుంటే నేను దాని గిట్టలు కడిగాను. "దీన్ని మాత్రం బిడ్డా అని పిలుస్త. అల్లుని లెక్కల కాదు" అన్నాడు. తరువాత అది బతికింది. నా వైద్యమే అని ఆయన ఊరూరా చాటాడు. నిజానికి దాని ఆయుష్షు గట్టిది.

ఉప్పు ఎందుకు వెయ్యాలి అని అడిగాను. "ఉప్పు కోసమే ఇయ్యి దిగువకు పోతయ్ డాక్టర్ సాబ్. కొట్టాల గోడల్ల ఎడ్ల ఉచ్చ ఇంకి ఉంటది గదా, ఆ మట్టి నాకుతందుకు. గాడ కుక్కలు పడ్తయ్. నేను కొత్తల జూసిన. ఒక చూలు దుప్పిని కొట్టం ముంగట కుక్కలు జీరినయ్. లేపుదామంటె నాకు వంగరాకపాయె." ఆ ఒక్క కథలో మాత్రం ఆయన ఎప్పుడూ ఒక్క మాట మార్చలేదు. పైన ఉప్పు దొరికితే అవి కిందికి దిగవని ఆయన లెక్క. అది ఎంతవరకు సరైనదో నాకు ఇప్పటికీ తెలియదు. దిగేవి దిగుతూనే ఉండేవి.

అవి దిగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. లేకపోతే నేను ఒకవైపే చెప్పినట్టు అవుతుంది. అడవి అంచున కందులు, జొన్నలు వేసుకునే రైతులు ఆయన్ని పీక్కుతినేవాళ్ళు. ఒకనాడు సంతలో నా ఎదుటే ఒక రైతు ఆయన కోటు పట్టుకున్నాడు. "నీ అల్లుండ్లు నా కందిచేను నేలమట్టం జేసిన్రు. కట్టెతోని అదిలిచ్చినా జుర్మానా అంటరు మీ జంగ్లాతోల్లు. నా పిల్లలు ఏం దినాలె? నవాబు తుపాకికి మేపేతందుకు నా చేనే దొరికిందా?" అన్నాడు. అందులో ఒక్క మాట తప్పు లేదు. ఆయన నిటారుగా నిలబడి అంతా విన్నాడు. చివరకు, "ఇంకింత ఉప్పేస్త అన్నా. ఇంకింత ఎక్కువేస్త" అన్నాడు. ఆ రైతుకు ఆ మాట అర్థంకాక కోటు వదిలేశాడు.

నవాబు తుపాకి సంగతి నేనూ ఒకసారి ఎత్తాను. షికారు కోసం కాచే అడవిలో ఈ ప్రేమ ఎందుకని. అప్పుడు గుట్టు విప్పాడు. ఉప్పు జాగా సంగతి ఆయన పై అధికారులెవరికీ తెలియనివ్వలేదు. అతిథులు వస్తే దారి మళ్ళించి వేరే వాగు దగ్గరికి తీసుకుపోయేవాడు. "ఈ జాగల ఇప్పటిదాంక తుపాకి సప్పుడు లేదు" అని ఛాతీ విరుచుకున్నాడు.

"మరి ఆ వాగు కాడివి అల్లుండ్లు గావా అన్నా?"

ఆయన సంచిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "అన్నిట్ని దాస్తే నా నౌకరి బోతది. నౌకరి బోతే ఇయ్యి గూడ బోతయ్" అన్నాడు. షికారు జరిగిన రోజున ఇంట్లో అన్నం ముట్టడని వాళ్ళావిడ తరువాత చెప్పింది.

ఆవిడ ముక్కుసూటి మనిషి. నేను మొదటిసారి చౌకీకి వెళ్ళిననాడు నీళ్ళచెంబు గడప మీద పెట్టి దూరంగా జరిగింది. నేను చెంబు ఎత్తి తాగి మళ్ళీ నింపమన్నాను. అప్పటినుంచి దూరం జరగడం మానేసి మొగుడి మీద ఫిర్యాదులు చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. షికారు అడవిలో వెయ్యడానికని సర్కారు పంపే ఉప్పుగడ్డలు ఆగిపోయాయి. ఇంటికి తెచ్చుకున్న ఉప్పే ఆయన సంచిలోకి ఎత్తుకుపోయేవాడు. "జూడు డాక్టర్ సారూ, మా ఇంట్ల జొన్న గట్కల ఉప్పుండది. అడివిల బండలకుంటది. నేను జచ్చి దుప్పినై పుడితె గప్పుడు నోట్లెకు ఉప్పు దొరుకుతదేమొ" అనేది.

అని ఊరుకునేదా అంటే లేదు. ఇంటి ఉప్పు సన్నది, విసిరితే గాలికి పోతుంది. అందుకని ఆవిడే బంకమట్టిలో ఉప్పు పిసికి పిడికెడు ముద్దలు చేసి చౌకీ కప్పు మీద ఎండబెట్టేది. ఎండితే అచ్చం రాళ్ళలాగే ఉండేవి. వాటిని ఆయన సంచికెత్తుకుని అదే బండ పక్కన నిలబడి, అదే చెయ్యి తిప్పి విసిరేవాడు. దుప్పులు వాటికీ అలవాటుపడ్డాయి. గట్కలో ఉప్పు లేకుండా ఆ ఇద్దరూ యుద్ధకాలమంతా గడిపారు. నేను ఎప్పుడైనా అచ్చంపేట నుంచి ఉప్పు పొట్లం తీసుకుపోతే ఆవిడ కళ్ళు మెరిసేవి. రెండో రోజుకు అదీ మట్టిలో కలిసేది.

అలాంటి మనిషిని పిచ్చివాడనుకోవడం సులభం. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ దవాఖానలో మనసు విరిగిన ప్రతిసారీ నేను ఆ ఉప్పు జాగాకే పోయేవాణ్ణి. అంటురోగంతో ఊరి పశువులన్నీ పోయిన వేసవిలోనూ, ఇంట్లో మా నాయిన పోయినప్పుడూ అక్కడికే వెళ్ళాను. బండకు ఆనుకుని కూర్చుంటే చెవి చీలిన దుప్పి తన పిల్లను వెంటేసుకుని వచ్చేది. ఆయన ఏమీ ఓదార్చేవాడు కాదు. సంచిలోంచి ఒక ముద్ద తీసి నా చేతికిచ్చి, "ఇసురు" అనేవాడు. విసిరితే అవి నా చేతికీ వచ్చేవి. నాకది గొప్పగా ఉండేది. అందులో ఏముందో అప్పుడు ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

తరువాత రాజ్యం తలకిందులైంది. ముందు రజాకార్ల భయం, ఆ పైన పోలీసు చర్య. నిజాం సర్కారు పోయింది. జంగ్లాత్ కచేరీకి తాళం పడింది. అధికారులు ఎటు పోయారో తెలియదు. జవానుకు జీతమిచ్చేవాడు లేడు, కాపలా కాయమని చెప్పేవాడు లేడు. అయినా ఆయన గుండీల్లేని కోటు తొడుక్కుని రోజూ ఉప్పు జాగాకు పోతూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ తలుపు మూసి ఉంచిన అడవిలోకి జనం ఒక్కసారిగా దూరారు. వాళ్ళను నేనెలా తప్పుపట్టను? ఏళ్ళ తరబడి చేను పోగొట్టుకున్నవాళ్ళు కొందరు, ఆకలికి వచ్చినవాళ్ళు కొందరు. కానీ వాళ్ళ వెనకే లారీలు కూడా వచ్చాయి. పట్నం నుంచి తుపాకులు పట్టుకుని సరదాకు వచ్చినవాళ్ళవి.

ఉప్పు జాగా గుట్టు ఎవరు బయటపెట్టారో తెలియలేదు. ఆయన మాత్రం ఎవరినీ అనుమానించలేదు. ఒక మధ్యాహ్నం దవాఖాన గుమ్మంలో నిలబడ్డాడు. కోటు లేదు. నేను పలకరించినా నా వైపు తిరగలేదు.

"తుపాకులోల్లు ఉప్పు సంచి తెచ్చుకున్నరు డాక్టర్ సాబ్. నా బండ కాడనే నిలవడ్డరు. నా తీర్గనే ఇసిరిన్రు. అన్ని వచ్చినయ్. ఒక్కటి ఉర్కలేదు. సప్పుడైనంక గూడ ఉర్కలేదు, ఆటికి తుపాకి సప్పుడేందో ఎర్కనే లేదు గద. పక్కది పడితె దాని పక్కన్నే నిలబడి చూసినయంట."

"నువ్వు చూసినవా అన్నా?"

"నెత్తురు జూసిన. ఆల్లు నవ్వుకుంట జెప్పింది ఇన్న. మల్లొస్తమన్నరు."

ఆయన ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు నయంగా ఉండేది. "మిగిలినయ్ కొన్ని ఉన్నయ్. ఆటికి మనిషంటే భయం నేర్పాలె. నేనే నేర్పాలె. నాకు వంగరాదు. నువ్వు జర వచ్చి రాళ్ళందియ్యి" అన్నాడు.

మరునాడు పొద్దున్నే వెళ్ళాం. బయలులో మరకలు నల్లబడి ఉన్నాయి. నేను రాళ్ళు ఏరి బండ మీద కుప్ప పోశాను. ఆయన గొంతు సవరించుకోలేదు. అయినా కొంతసేపటికి పొదలు కదిలాయి. చెవి చీలిన దుప్పి ముందుగా వచ్చింది. పిల్ల వెంట లేదు. దాని వెనక మరి కొన్ని. నేను రాయి అందించాను. ఆయన చెయ్యి తల వెనక్కి పోయింది.

దుప్పులన్నీ తలలెత్తి ఆ చేతి వైపు చూశాయి.

రాయి వాటి కాళ్ళ ముందు పడింది. చెవి చీలినది నడిచి వచ్చి, మూతి వంచి, ఆ రాయిని నాకింది.

"పో!" అని అరిచాడు. ఇంకో రాయి విసిరాడు. ఇంకో దుప్పి ముందుకు వచ్చి దాన్ని వాసన చూసింది. ఆయన విసురుతున్నాడు, అవి వస్తున్నాయి. ఇన్నేళ్ళుగా ఆ చేతిలోంచి పడిందల్లా ఉప్పే. గట్టిగా ఉన్నదీ, మట్టి రంగులో ఉన్నదీ అంతా ఉప్పే. వాటికి రాయి అంటే ఏం తెలుసు?

"ఇంక పెద్దది దే" అన్నాడు నాతో. ఇచ్చాను. ఈసారి గురి చూసి కొట్టాడు. చెవి చీలినదాని పక్కటెముకల మీద తగిలింది. ఆ దెబ్బ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అది తూలింది. రెండు గంతుల్లో పొద దాకా వెళ్ళి నిలబడింది. వెనక్కి తిరిగి చూసింది. తరువాత మెల్లగా, ఒక పక్కకు ఒరుగుతూ నడిచి వచ్చి, తనను కొట్టిన రాయినే నాకడం మొదలుపెట్టింది.

"నాకకే! అది ఉప్పుగాదే, రాయే బిడ్డా, రాయి!" అని ఆయన బయలులోకి పరుగెత్తాడు. ఆ నడుముతో పరుగెత్తకూడదు. గుంటలో కాలు పడి దుంగలా నేల కూలాడు. నేను కేక పెట్టి పరుగున పోయాను. నా పరుగుకు బెదిరి మంద మొత్తం పొదల్లోకి పారిపోయింది.

"ఉరికినయ్ అన్నా! చూడు, ఉరికినయ్!" అన్నాను, ఆయన్ని లేపుతూ.

ముఖం నిండా మట్టి. "నువ్వు ఉర్కొస్తే ఉర్కినయ్" అన్నాడు. "ఏది, ఒక్కసారి చెయ్యి లేపు."

లేపాను. పొదలు మళ్ళీ కదిలాయి. ముందుగా వచ్చింది ఆ చెవి చీలినదే.

నేను చెయ్యి దించేశాను. ఆయన నా భుజం పట్టుకుని నిలబడి వాటిని చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు ఏడ్చాడు. తల వంచుకునే వీలు కూడా లేని మనిషి ఏడుపు అది. కన్నీళ్ళు దాచుకోవడానికి ఆయనకు దారి లేదు. నేను ఆయన్ని పట్టుకుని ఏడ్చాను.

"ఎవ్వని చెయ్యి లేసినా వస్తయ్" అన్నాడు చివరకు. "నేను కనవడ్డన్ని దినాలు ఇది మర్వయ్. ఈడ చెయ్యి లేవకుంటనే ఉండాలె. ఇంగ నేను పోత."

ఆ వారంలోనే భార్యాభర్తలు చౌకీ వదిలి మర్రిగూడకు వెళ్ళిపోయారు. ఏ నీళ్ళు ఆయన్ని కట్టెను చేశాయో ఆ నీళ్ళ దగ్గరికే. తుపాకులవాళ్ళను ఆపగలిగితే ఆయన ఆపేవాడే. ఒకనాడు వాళ్ళ లారీకి అడ్డంగా నిలబడితే పక్కకు నెట్టి పోయారని ఆవిడ చెప్పింది. ఆయన చేతిలో మిగిలింది తను దూరమవడం ఒక్కటే.

కొన్ని నెలల తరువాత నేను నల్లగొండ వైపు బదిలీ అయ్యాను. పోయే ముందు ఒకసారి ఉప్పు జాగాకు వెళ్ళాను. పొద్దున్నుంచి ఎండ దిగేదాకా బండ పక్కన కూర్చున్నాను. గుంటల్లో గడ్డి మొలిచింది. ఖాళీ తూటాల గొట్టాలు ఉన్నాయి, ఎముకలు ఉన్నాయి. మధ్యాహ్నం లేచి నిలబడి, ఎవరూ చూడటం లేదు కదా అని, చెయ్యి పైకెత్తాను. పొదలు కదలలేదు. రాయి కూడా విసిరి చూశాను. ఏదీ రాలేదు. రావడానికి అక్కడ ఏదీ మిగల్లేదు.

ఆ దారినే మర్రిగూడ పోయాను. ఆయన గోడకు ఆనించిన మంచం మీద ఉన్నాడు. మనిషి పూర్తిగా బిగుసుకుపోయాడు. ఆవిడ గట్క గిన్నె తెచ్చి నాకిచ్చింది. "తిను తమ్మీ, ఇందుల ఉప్పుంది. ఇప్పుడు ఇంట్ల కావల్సినంతుంది. ఆయనే ఏసుకోడు" అంది. ఆవిడ నన్ను తమ్మీ అనడం అదే మొదలు.

"డాక్టర్ సాబ్, నా కుడిచెయ్యి లేస్తలేదు" అన్నాడు ఆయన. అదేదో శుభవార్త చెబుతున్నట్టు అన్నాడు. ఆ వెంటనే నేను భయపడుతున్న ప్రశ్నే అడిగాడు. "పోయినవా ఆడికి?"

"పోయిన."

"చెయ్యి లేపినవా?"

"లేపిన అన్నా."

ఆయన తల తిప్పలేడు. కళ్ళు మాత్రం పక్కకు తిప్పి నా ముఖం మీద నిలిపాడు. గుమ్మంలో ఆవిడ కూడా కదలకుండా నిలబడింది.

"ఉర్కినయ్ అన్నా" అన్నాను. "నన్ను జూడంగనే ఉర్కినయ్. మంద మంద ఉర్కింది. చెవి చీలింది అన్నిటికన్న ముంగట ఉర్కింది."

"దాని పక్కటెముక?"

"మంచిగైంది. కుంట్లేదు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "నేర్సుకున్నయ్" అన్నాడు. "నేర్సుకున్నయే, ఇన్నవా?" అని భార్యతో మళ్ళీ అన్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నా ముఖంలో ఆవిడకు నిజం కనిపించిందనుకుంటాను. ఆ వానాకాలం ఆయన దాటలేదని తరువాత తెలిసింది. చివరిచూపుకు నేను పోలేకపోయాను.

ఇన్నేళ్ళూ నేను ఆ అడవి దారి పట్టలేదు. మొన్న కోడలు మొక్కు కోసం బలవంతపెడితే బయలుదేరాను. ఆ అడవికి ఇప్పుడు మళ్ళీ కాపలా ఉందట. ఈసారి ఏ నవాబు తుపాకి కోసమూ కాదని, జంతువుల కోసమేనని బస్సులో ఎవరో చెబుతుంటే విన్నాను. ఆయన ఉంటే ఎన్ని కోతలు కోసేవాడో.

మనవరాలు ఏడుస్తున్నప్పుడు, కోడలు తిడుతున్నప్పుడు, నేను దుప్పినే చూస్తున్నాను, అన్నా. నా రాయి దానికి తగల్లేదు. కాళ్ళ ముందు పడింది. అది తల వంచి ఆ రాయి వైపు చూసింది. మూతి చాపుతుందేమో, అడుగు ముందుకు వేస్తుందేమో అని ఊపిరి బిగపట్టాను. వెయ్యలేదు. తోక పైకి లేపి ఒక్క గంతు వేసింది, ఇంకో గంతు వేసింది, చెట్లలోకి పోయింది. చాలాసేపు చూశాను. వెనక్కి రాలేదు.

ఉర్కింది అన్నా. ఈసారి నిజంగనే ఉర్కింది.